స్కార్వోలం దీపం ఆరిన సాయంత్రం

టోర్గున్ హెస్ట్‌విక్ తన యాభై ఎనిమిదేళ్ల జీవితంలో తొమ్మిది మందిని కొట్టింది. వాళ్లలో ఒకడు పాస్టరు, ఇద్దరు దగ్గరి బంధువులు, ఒకడు ఆమెను పెళ్లాడతానని అప్పుడే ఉంగరం తీసి చూపించినవాడు. తొమ్మిది మందీ చేసిన నేరం ఒకటే. ఆమె నాన్న ఆన్ఫిన్ లైట్‌హౌస్ దీపం ఆరిపోనిచ్చాడన్న మాట ఆమె ఎదుట నోరు జారారు. పెళ్లికొడుకు పాపం మంచి మనసుతోనే అన్నాడు. "మీ నాన్న చేసింది నేను పట్టించుకోను" అన్నాడు. ఆ ఉంగరం ఎక్కడ పడిందో ఇప్పటికీ ఎవరికీ తెలియదు. అతని ముందుపళ్లలో ఒకటి మాత్రం ఆమె కోటు జేబులో దొరికింది.

ఈ ఒక్క విషయం మినహాయిస్తే ఆమె చాలా సాధువైన మనిషి. గొంతు పెంచదు, ఎవరి మీదా చాడీలు చెప్పదు, కాఫీలో చక్కెర తక్కువైందని కూడా నోరు విప్పి అడగదు.

నార్వే ఉత్తర తీరం వెంట చలికాలమంతా తిరిగే నార్డ్‌ఫుగ్ల్ అనే ఓడలో ఆమెది నక్షత్రాల ఉద్యోగం. ఓడ నడుమ ఐదో అంతస్తులో ఎనభై మంది పట్టే ప్లానెటేరియం ఉంది. వెనక్కి వాలే కుర్చీలు, పైన తెల్లటి గుమ్మటం, మధ్యలో నల్లటి యంత్రం. ఈ ఏర్పాటులో ఒకే ఒక్క లోపం. గుమ్మటంలో ఆకాశం కదలదు, కింద ఓడ కదులుతుంది. ఈ రెంటిలో దేన్ని నమ్మాలో తేల్చుకోలేక ప్రేక్షకుడి కడుపు తన తీర్పును బయటకు వెళ్లగక్కుతుంది. అందుకే ప్రతి కుర్చీ కిందా ఒక కాగితం సంచీ ఉంటుంది. టోర్గున్ ప్రసంగం ఎప్పుడూ ఒకే వాక్యంతో మొదలవుతుంది. "విశ్వం అనంతం, మీ సంచీ కాదు, కాబట్టి గురి చూసుకోండి."

అసలు ఆకాశం పైన, ముందు డెక్కు మీద ఉంటుంది. జనవరిలో ఆ తీరాన సూర్యుడు సెలవు పెడతాడు. మధ్యాహ్నం భోజనాల గిన్నెలు కడిగేలోపే చుక్కలు దిగుతాయి. ప్రయాణికులకు వాటిని చూపించే ఇరవై నిమిషాలు డెక్కు దీపాలన్నీ ఆర్పుతారు. ఎవరూ తెల్లని వెలుగు వెయ్యకూడదని కట్టడి. వేసినవాడి చేతిలో ఫోను ఉండదు, సముద్రంలో ఉంటుంది. ఈ సీజన్‌లో అలా పదకొండు ఫోన్లు చేపల పాలయ్యాయి. ఒకసారి ఒక ఆసామి చెయ్యి కూడా ఫోనుతోపాటు వెళ్లబోయి, మణికట్టు దగ్గర బెణికి ఆగింది. ఆమె లెక్కలో ఇవి కొట్టడం కిందకు రావు, క్రమశిక్షణ కిందకు వస్తాయి. ప్రయాణికుల సదుపాయాలు చూసే సిండ్రే లెక్కలో మాత్రం వస్తాయి. సిండ్రేకి ముప్ఫై ఏళ్లు. ఎప్పుడూ ఇస్త్రీ చొక్కా, ఎప్పుడూ భయం.

"టోర్గున్ గారూ, మీకు దణ్ణం పెడతాను. వాళ్లు డబ్బులిచ్చి వచ్చినవాళ్లు" అనేవాడు.

"చీకటికే కదా బాబూ ఇచ్చారు? అది నేను సరిగ్గా అందేలా చూస్తున్నాను" అనేది ఆమె.

* * *

ఆమె పుట్టి పెరిగింది స్కార్వోలం అనే రాతి దిబ్బ మీద. దాని మీద ఉన్నవి లైట్‌హౌస్, ఒక ఇల్లు, రెండు మేకలు, లెక్కపెట్టలేనంత గాలి. ఆన్ఫిన్ అక్కడ దీపం కాపలాదారు. పది సెకన్లకొకసారి ఒక మెరుపు మెరిపించే దీపం అది. ఆయన నిద్రలో కూడా పది సెకన్లకొకసారి ఊపిరి తీసుకునేవాడని భార్య హాస్యమాడేది.

నలభై ఒక్క ఏళ్ల కిందట జనవరిలో ఒక సాయంత్రం హావ్‌డిస్ అనే చేపల పడవ ఉత్తరం నుంచి ఇంటికి వస్తూ, గోట్‌నెస్ కొండకు ఇవతలున్న రాళ్ల పళ్ల మీదికెక్కి రెండుగా చీలింది. ముగ్గురున్నారు. వంటవాణ్ని చుక్కాని గది గోడ నలిపేసింది. ఎయ్‌లిఫ్ అనే పాతికేళ్ల కుర్రాణ్ని అల మూడుసార్లు రాతికేసి కొట్టి, నాలుగోసారి లోపలికి తీసుకుపోయింది. మిగిలింది పడవ యజమాని ఓట్టార్ లాంగ్‌నెస్ ఒక్కడు. ఎయ్‌లిఫ్ అతని తమ్ముడు. మూడుసార్లూ తమ్ముడి చెయ్యి పట్టుకున్నాడు ఓట్టార్. నాలుగోసారి చేతిలో చేతితొడుగు ఒక్కటే మిగిలింది.

విచారణలో అతను చెప్పినది ఇది: "నైరుతిలో స్కార్వోలం దీపం నా కళ్లతో చూశాను. నీటి మీద ఒక వేలు ఎత్తున ఉంది. ఆ వైపు మబ్బు లేదు. పది సెకన్లకోసారి మెరిసింది. దాన్ని పట్టుకునే వచ్చాను. ఐదూ నలభైకి అది ఆరిపోయింది. మళ్లీ వెలగలేదు."

దీపం తెల్లవార్లూ వెలిగిందని ఆన్ఫిన్ చెప్పాడు. తన చేత్తో రాసిన దినచర్య పుస్తకం చూపించాడు. తన గురించి తనే రాసుకున్న మంచి మాటలకు విచారణాధికారులు ఎంత విలువ ఇవ్వాలో అంతే ఇచ్చారు. బతికొచ్చినవాడు అబద్ధం ఎందుకు చెబుతాడు? నిజానికి ఓట్టార్ ఒక్క అబద్ధం కూడా చెప్పలేదు. చిక్కల్లా అక్కడే వచ్చింది.

అంత్యక్రియలు అయిన మర్నాడు ఓట్టార్ ఇంకో ఇద్దరు మనుషుల్ని వెంటబెట్టుకుని పడవలో దిబ్బ మీదికి వచ్చాడు. చేపలు దించేటప్పుడు వాడే కొక్కేల కర్రలు తెచ్చుకున్నారు. తలుపు తట్టలేదు, తలుపునే బద్దలుకొట్టారు. ఆన్ఫిన్ బంగాళాదుంపల గిన్నె ముందు కూర్చుని ఉన్నాడు. మొదటి దెబ్బకు గిన్నె, రెండో దెబ్బకు దవడ పగిలాయి. తర్వాతివి లెక్కలేదు. వాళ్లు ఆయన్ని కాళ్లు పట్టి గుమ్మం దాటించి మెట్ల మీదుగా ఈడ్చారు. మెట్టు మెట్టుకీ తల తగిలిన చప్పుడు టోర్గున్ లెక్కపెట్టింది. ఏడు మెట్లు. అప్పటికి ఆమెకు పదిహేడు. ఓట్టార్ వీపు మీదికి ఎగిరి, దొరికిన చోట పళ్లు దింపింది. దొరికింది ఎడమ చెవి. అతను ఆమెను గోడకేసి కొట్టాడు, రాతికేసి కొట్టాడు, ఆమె మాత్రం వదల్లేదు. చివరికి వదిలింది చెవే. సగం అతనికి, సగం ఆమె నోట్లో.

ఆన్ఫిన్ దవడకు తీగలు చుట్టారు. ఉద్యోగం తీసేశారు. తీరం మీద చేపల ఫ్యాక్టరీలో కాడ్ చేపల తలలు నరికే పని ఇచ్చారు. ఆ పని ఆయన తొమ్మిదేళ్లు చేశాడు. ఆ తొమ్మిదేళ్లలో ఒక్కసారి కూడా తన చేత్తో దీపం వెలిగించలేదు. ఇంట్లో కరెంటు స్విచ్ కూడా ముట్టుకునేవాడు కాదు. చీకట్లో కూర్చుని "అమ్మాయ్, కాస్త వెయ్యవా" అనేవాడు. ఆ మాట విన్నప్పుడల్లా టోర్గున్‌కి ఎవరినో ఒకరిని కొట్టాలనిపించేది. అప్పటికి అందుబాటులో ఎవరున్నారన్నది అదృష్టం మీద ఆధారపడేది. పాస్టరు దురదృష్టవంతుడు.

నాన్న పోయాక ఆమె పట్నం వెళ్లి ఒక ప్లానెటేరియంలో ఊడ్చే పనిలో చేరింది. ఊడుస్తూ ఊడుస్తూ యంత్రం నేర్చుకుంది. ఏ తేదీ చెబితే ఆ తేదీ ఆకాశం, ఏ ఊరు చెబితే ఆ ఊరి ఆకాశం తెచ్చి పెట్టే యంత్రం అది. తమ పుట్టినరోజు నాటి చుక్కలు చూసుకుని జనం మురిసిపోయేవాళ్లు. ఒకరోజు గది ఖాళీగా ఉన్నప్పుడు ఆమె చీపురు పక్కన పెట్టి హావ్‌డిస్ చీలిన తేదీ కొట్టింది. ఐదుంపావు అని కొట్టింది.

నైరుతిలో, నీటి మీద ఒక వేలు ఎత్తున, శుక్రుడున్నాడు.

ఆమె నేల మీద కూర్చుండిపోయి గడియారాన్ని నడవనిచ్చింది. ఐదూ నలభైకి శుక్రుడు అంచు దాటి మునిగిపోయాడు.

పైన ఏమన్నా దీపాలున్నాయా అంటే ఆకాశం నిండా ఉన్నాయి. ఇంత తెల్లగా, ఇంత పెద్దగా, లైట్‌హౌస్ ఉండాల్సిన దిక్కునే ఇంత కిందికి దిగినది ఇదొక్కటే. సముద్రం మీద పెద్ద అల పది సెకన్లకొకటి వస్తుంది. అల లేచినప్పుడు చుక్క దాక్కుంటుంది, దిగినప్పుడు మెరుస్తుంది. అలసిపోయి ఇంటికొస్తున్న చేపలవాడికి అది ఇల్లే. ఇక స్కార్వోలం అసలు దీపం గోట్‌నెస్ కొండ వెనక హాయిగా వెలుగుతూనే ఉంది. కొండకు ఇవతల రాళ్ల మధ్య ఉన్నవాడికి అది కనబడదు, అంతే. దీపం కనబడుతోంది కాబట్టి కొండ దాటేశానని ఓట్టార్ అనుకున్నాడు.

ఆమె పెద్ద ఆఫీసులకు ఉత్తరాలు రాసింది. ఫైలు మూసేశామని మర్యాదగా జవాబు వచ్చింది. ఓట్టార్‌కి నాలుగు రాసింది. నాలుగూ విప్పకుండా వెనక్కి వచ్చాయి. ఇక ఆమెకు కావలసింది ఒక్కటే మిగిలింది. ఆరిందని చెప్పిన నోటితోనే ఆరలేదని చెప్పించాలి. నలుగురి ముందూ చెప్పించాలి.

* * *

ఈ ఏడాది జనవరిలో ఓట్టార్ లాంగ్‌నెస్ తనంతట తానే ఓడెక్కాడు. ఎనభయ్యో పుట్టినరోజు వస్తోందని కూతురు యోరున్ టిక్కెట్టు కొనిపెట్టింది. రెండో పొద్దున ఫలహారాల దగ్గర టోర్గున్ అతన్ని వెనక నుంచి చూసింది. మొహం చూడనక్కర్లేకపోయింది. ఊరగాయ హెర్రింగ్ చేపల గిన్నె మీదికి వంగిన ఆ తలకు ఎడమ పక్క సగమే చెవి ఉంది. ఎవరి పనితనమో వాళ్లు గుర్తుపడతారు.

పక్కకు వెళ్లి నిలబడింది. అతను ఆమె చొక్కా మీది పేరు చదివాడు. పట్టకారు చేతిలోనే ఆగిపోయింది.

"హెస్ట్‌విక్" అన్నాడు.

"అవును. మిగతా సగం చెవి ఎలా ఉంది పెద్దాయనా?"

"వినబడుతోంది. ఏం, అది కూడా తింటావా?"

"ఈ వయసులో నాకు అరగదు. మూడింటికి గుమ్మటంలోకి రా. నీకో ఆకాశం చూపించాలి."

"మీ అయ్య దీపం ఆర్పడం చూశాను. అంతకంటే చూసేదేముంది నాకు?"

పదో మనిషి అక్కడే అయిపోవలసింది. సిండ్రే ఎక్కడినుంచో వచ్చి మధ్యలో దూరి "కాఫీ! ఎవరికన్నా కాఫీ!" అని అరిచాడు. టోర్గున్ చేతికి దొరికిన పట్టకారును పిడికిట్లో నొక్కింది. స్టీలుది. అది మెల్లగా ఒంగి, ఇక ఈ జన్మలో హెర్రింగ్ పట్టుకోలేని ఆకారానికి వచ్చింది.

"భయమా?" అంది ఆమె.

"నాకా! నీకా?"

"నాన్నా, ఎవరీమె?" అంది యోరున్ వెనకనుంచి.

"నా చెవి తిన్న మనిషి" అన్నాడు ఓట్టార్, వాతావరణం గురించి చెప్పినట్టు. "మూడింటికి మనం సినిమాకి వెళ్తున్నాం."

* * *

మూడింటికి బయట పెనుగాలి. ఓడ ముందు ముక్కు అలలోకి దిగినప్పుడల్లా ఎవరో ఇనప తలుపు మీద దుంగతో పొడిచినట్టు మోత. గుమ్మటం నిండిపోయింది. బయట నిలబడలేనివాళ్లంతా లోపలికే వచ్చారు. పావుగంటలో పద్నాలుగు సంచీలు వినియోగంలోకి వచ్చాయి. ఓట్టార్ మూడో వరుస చివర, వెనక్కి వాలకుండా, బడిలో శిక్ష పడ్డవాడిలా నిటారుగా కూర్చున్నాడు.

టోర్గున్ మామూలు ప్రసంగం మధ్యలో ఆపేసింది.

"ఇప్పుడు మనం నలభై ఒక్క ఏళ్లు వెనక్కి పోదాం. మూడో వరుసలో ఉన్న ఓట్టార్ లాంగ్‌నెస్ గారు ఆ సాయంత్రం సముద్రం మీద ఉన్నారు. పెద్దాయనా, దీపం ఎటుంది?"

"ఇదేం కోర్టా?"

"అప్పటి విచారణలో చెప్పిందే చెప్పండి. మార్చమనడం లేదు."

"నైరుతి" అన్నాడు. "నీటి మీద ఒక వేలు ఎత్తు."

"ఒకటే దీపమా, రెండా?"

"ఎన్నిసార్లు చెప్పాలి! ఒకటే!"

ఆమె తేదీ తిప్పింది. గుమ్మటం మీద చుక్కలు ఒక్కసారి జారి, కుదురుకుని, నిలబడ్డాయి. నైరుతిలో, అంచుకు ఒక వేలు పైన, తెల్లగా, దబ్బకాయంత కాకపోయినా ఆ గదిలో అందరి కళ్లూ అటు తిరిగేంత వెలుగుతో ఒకటి ఉంది.

"ఇది శుక్రుడు. మబ్బు కమ్మితే తప్ప ఎక్కడికీ పోడు. ఆ సాయంత్రం నైరుతిలో మబ్బు లేదని మీరే చెప్పారు. లైట్‌హౌస్ కూడా కనబడితే ఆ వైపు రెండుండాలి. మీరు ఒకటే చూశారు. ఏది చూశారు?"

ఆమె యంత్రం ముందుకు వచ్చి అరచెయ్యి కటకానికి అడ్డం పెట్టింది. తీసింది. మళ్లీ పెట్టింది. అల లేచినట్టు, అల దిగినట్టు. పది సెకన్లకొకసారి. తొమ్మిది మంది మొహాలు వాయగొట్టిన చెయ్యి అంత మెత్తగా కదలగలదని ఆ చేతికే తెలియదు. కింద ఓడ కూడా నిజంగానే లేస్తోంది, దిగుతోంది. గదిలో వాంతి చేసుకుంటున్నవాళ్లు కూడా ఆగి చూశారు.

చీకట్లో ముసలి గొంతు లెక్కపెట్టడం వినబడింది. "ఏడు… ఎనిమిది… తొమ్మిది…" పది దగ్గర వెలుగు వచ్చేది. అతని పెదవులు నలభై ఏళ్లుగా అదే లెక్క పెడుతున్నాయేమో, ఒక్కసారి కూడా తప్పలేదు.

గడియారం ఐదూ ముప్ఫై ఎనిమిదికి వచ్చింది. వెలుగు ఎర్రబడింది. అంచును ముట్టుకుంది. ఆమె చెయ్యి తీసింది. పది లెక్క అయింది. వెలుగు రాలేదు.

"ఆరిపోయింది" అంది టోర్గున్. "ఎవరార్పారు, పెద్దాయనా?"

ఓట్టార్ లేచాడు. చీకట్లో కుర్చీల వీపులు పట్టుకుంటూ, ఓడ ఊగినప్పుడు ఆగుతూ, ఊగనప్పుడు నడుస్తూ, తొందరేమీ లేకుండా యంత్రం దాకా వచ్చాడు. వచ్చి, ఎనభై ఏళ్లకు ఒక నెల తక్కువైన పిడికిలితో ఆమె ముక్కు మీద గుద్దాడు.

ఎముక విరిగిన చప్పుడు చివరి వరుసకు వినబడింది. టోర్గున్ యంత్రం మీద వెల్లకిలా పడింది. ఆమె మోచెయ్యి తేదీ మీట మీద పడేసరికి పైన కాలం కళ్లెం తెంచుకుంది. నెలలు, సంవత్సరాలు, గ్రహణాలు గుమ్మటం చుట్టూ గిరగిరా తిరిగాయి. మిగిలిన అరవై ఆరు సంచీలు కూడా ఒకే క్షణంలో వినియోగంలోకి వచ్చాయి. ఓట్టార్ మళ్లీ గుద్దాడు. పెదవి చీలింది. మళ్లీ గుద్దాడు. పట్టుకోబోయిన, బెర్గెన్ ఊరి నుంచి వచ్చిన ఒక పళ్ల డాక్టరుకు మోచేత్తో ఒకటి ఇచ్చాడు. ఆయన పన్నొకటి వృత్తిరీత్యా తన చేతిలోనే పడింది. మధ్యలో దూరిన ఇంకొకాయన్ని కుర్చీ మీంచి అవతలి వరుసలోకి విసిరాడు. "నాన్నా! నాన్నా, చాలు!" అని యోరున్ అతని కోటు పట్టుకు లాగుతోంది, కోటు చిరుగుతోంది, అతను గుద్దుతూనే ఉన్నాడు. ఏడుస్తున్నాడు కూడా.

టోర్గున్ రెండు చేతులూ పక్కనే ఉంచుకుంది. ఒక్కటి కూడా ఎత్తలేదు. నోట్లో నిండిన రక్తం మింగుతూ అతని మొహం చూస్తూ పడుకుంది. ఇన్నేళ్లుగా రాసిన ఏ ఉత్తరానికీ రాని జవాబు ఇప్పుడు గుద్దు గుద్దుకీ అందుతోంది. మధ్యలో ఆపితే సగమే అందుతుంది.

ఎవరో దీపాలు వేశారు. సిండ్రే పరుగెత్తుకొచ్చి, నేల మీద రక్తం చూసి, తల పట్టుకున్నాడు.

"టోర్గున్ గారూ! మళ్లీనా!"

"ఈసారి నేను కాదు బాబూ" అంది ఆమె ముక్కులోంచి.

నమ్మలేదు. పళ్ల డాక్టరు పన్ను చూపించి సాక్ష్యం చెప్పాక నమ్మాడు. ఓట్టార్ అప్పటికి యంత్రానికి ఆనుకుని నేల మీద కూర్చున్నాడు. పిడికిలి విప్పడం రావడం లేదు. కూతురు ఒక్కో వేలూ విప్పుతోంది.

ఓడ మీద ఎవరు ఎవరిని కొట్టినా కంపెనీకి, పోలీసులకి, వాళ్ల ద్వారా ఎవరెవరికో పోయే ఒక పత్రం ఉంటుంది. సిండ్రే దాన్ని అట్ట మీద పెట్టుకుని రాయడం మొదలుపెట్టాడు. కొట్టినవారి పేరు. దెబ్బ తిన్నవారి పేరు. స్థలం. సమయం.

"దాడికి కారణం?" అన్నాడు.

"దీపం వెలుగుతూనే ఉంది" అన్నాడు ఓట్టార్.

"ఏ దీపమండీ? షో అప్పుడు దీపాలు ఆర్పే ఉంచుతాం."

"స్కార్వోలం దీపం. ఆ సాయంత్రం అది ఆరలేదు. నేను చూసింది అది కాదు. అలాగే రాసుకో."

"అది కారణం కాదు కదండీ. కోపంలో అనో, మద్యం మత్తులో అనో…"

"నేను తాగలేదు! కారణం అదే. అది నిజం కాబట్టే కొట్టాను. అబద్ధమైతే నవ్వి పోయేవాణ్ని. రాయవయ్యా!"

సిండ్రే టోర్గున్ వైపు చూశాడు. ఆమె ముక్కులో దూది కుక్కుకుంటూ తల ఆడించింది.

"కాపలాదారు పేరు కూడా రాసుకో బాబూ" అంది. "ఆన్ఫిన్ హెస్ట్‌విక్. పూర్తిగా."

అతను రాశాడు. గదిలో ఉన్న ఎనభై మందీ, ఒంట్లో బాగున్నవాళ్లూ లేనివాళ్లూ, రాయడం చూశారు. ఓట్టార్ చెయ్యి చాచి అట్ట తీసుకుని, తనే ఒకసారి చదువుకున్నాడు. పెదవులు కదిలాయి. తిరిగి ఇచ్చేశాడు.

"రాయాల్సింది ఇంకో మాట ఉంది" అన్నాడు. "ఎయ్‌లిఫ్‌ని రాళ్ల మీదికి తీసుకెళ్లింది నేనే అని."

"అందులో అంత చోటు లేదండీ" అన్నాడు సిండ్రే, గొంతు తగ్గించి.

"వెనకవైపు రాయి."

సిండ్రే కాగితం తిప్పాడు.